కీప్యాడ్ ఫోన్ ఊరికే ఆగిపోతుంటే

జేబులోంచి తీసేసరికి ఫోన్ ఆగిపోయి ఉందా? బోర్డు పోయిందని అప్పుడే అనుకోకండి. చౌక కీప్యాడ్ ఫోన్లలో చాలాసార్లు తప్పు బ్యాటరీ దగ్గరే ఉంటుంది.

మూత తీసి, బ్యాటరీని చదునైన బల్ల మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది నంబరే చూసుకోవాలి, బీఎల్-5సీ లాంటిది. వోల్టులు కొలిచే మల్టీమీటరుంటే, నిండా ఛార్జైన 3.7 వోల్టుల బ్యాటరీ 4.2కి దగ్గరగా చూపాలి.

ఉబ్బకపోయినా చిన్న కుదుపుకే ఆగుతుంటే, ఫోన్లో బ్యాటరీకి తగిలే పిన్నులు చూడండి. వేలితో నొక్కితే స్ప్రింగులా తిరిగి లేవాలి. అణిగిపోయిన దాన్ని సూదిమొనతో చాలా కొద్దిగా లేపండి. ఎక్కువ లాగితే విరుగుతుంది. బ్యాటరీ రేకుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. బ్యాటరీ కదలకుండా కాగితం మడిచి దోపడం మన పాత చిట్కా. పనిచేస్తుంది గానీ బిగుతైతే మూత ఉబ్బుతుంది.

‘ఇన్సర్ట్ సిమ్’ అని వస్తే సిమ్ రేకుకీ అదే రబ్బరు వైద్యం. చిన్న సిమ్‌ను పెద్ద స్లాటులో పట్టించే అడాప్టరును మాత్రం సిమ్ లేకుండా ఖాళీగా లోపలికి తోయొద్దు, బయటికి లాగేటప్పుడు పిన్నులు చిక్కుకుని విరుగుతాయి.

ఇక 2జీ ఫోన్లో జియో సిమ్ వేస్తే సిగ్నల్ రాదు, ఆ సంస్థకు 2జీ లేదు. అది ఫోన్ తప్పు కాదు. ఇన్‌కమింగ్ కూడా ఆగిందంటే ముందు రీఛార్జ్ గడువు చూసుకుని, తర్వాతే రిపేరు షాపుకెళ్లండి.