చెమటతో నడిచే బయోఫ్యూయల్ సెల్: పవరు రానప్పుడు దోషాన్ని ఎక్కడ వెదకాలి

చర్మం మీద అంటించుకునే ఎంజైమ్ బయోఫ్యూయల్ సెల్ అంటే ఎంజైమ్‌ల సాయంతో చెమటలోని పదార్థాల నుంచి కరెంటు తీసే చిన్న సెల్. దాని యానోడ్ (ఎలక్ట్రాన్లను సేకరించే ఎలక్ట్రోడు) మీద ఉండే లాక్టేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చెమటలోని లాక్టేట్‌ను (లాక్టిక్ ఆమ్లపు రూపాన్ని) పైరువేట్‌గా మారుస్తూ ఒక్కో అణువు నుంచి 2 ఎలక్ట్రాన్లను రాబడుతుంది. రెండో ఎలక్ట్రోడైన కాథోడ్ ఆ ఎలక్ట్రాన్లతో ఆక్సిజన్‌ను నీరుగా మారుస్తుంది. రక్తంలో గ్లూకోజు 5 మిల్లీమోలార్ (గాఢత కొలమానం) దరిదాపుల్లో ఉన్నా చెమటలో సాధారణంగా 0.2 మిల్లీమోలార్ కూడా ఉండదు. లాక్టేట్ మాత్రం వ్యాయామ సమయంలో 10 మిల్లీమోలార్ దాటడం మామూలే కనుక, ఇక్కడ చెప్పేదంతా లాక్టేట్ సెల్ గురించే. పవరు తగ్గిన వెంటనే ఎంజైమ్ చచ్చిపోయిందనుకొని ఎలక్ట్రోడును మళ్లీ మొదటి నుంచి తయారు చేయడం చాలామందికి అలవాటు. ఎంజైమ్‌ను అనుమానించవలసింది మొదట కాదు, చివర.

లక్షణం: మల్టీమీటరులో 0.5 వోల్టు కనిపిస్తుంది, లోడు పెట్టగానే పడిపోతుంది

సాధారణ డిజిటల్ మల్టీమీటరు నిరోధం 10 మెగాఓములు ఉంటుంది కాబట్టి, 0.5 వోల్టు దగ్గర అది సెల్ నుంచి తీసుకునేది 0.05 మైక్రోఆంపియరు మాత్రమే. అంత తక్కువ కరెంటు దగ్గర నీరసించిన సెల్ కూడా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కాబట్టి 100 కిలోఓముల నుంచి 1 కిలోఓము దాకా రెసిస్టర్లను ఒక్కొక్కటిగా మారుస్తూ, ప్రతిసారీ వోల్టేజీ నిలకడకు వచ్చాక రాసుకోవాలి (రెసిస్టరు విలువ తగ్గేకొద్దీ సెల్ మీద లోడు, అంటే తీసుకునే కరెంటు, పెరుగుతుంది). అదే సమయంలో సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడును కృత్రిమ చెమటలో ఉంచి, యానోడ్, కాథోడ్ పొటెన్షియళ్లను విడివిడిగా కొలవాలి. లోడు పెరిగేకొద్దీ యానోడ్ విలువ పైకి జరిగితే లోపం లాక్టేట్ వైపు ఉన్నట్టు, కాథోడ్ విలువ కిందికి దిగితే ఆక్సిజన్ వైపు ఉన్నట్టు. ఈ ఒక్క కొలత చేయకుండా తర్వాతి మరమ్మతులు ఏవి చేసినా అవి ఊహలే అవుతాయి.

దోషం కాథోడ్‌దే అయ్యే అవకాశం ఎంత ఎక్కువో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక ఆక్సిజన్ అణువు 4 ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది కనుక, 10 మిల్లీమోలార్ లాక్టేట్ ఇచ్చే ఎలక్ట్రాన్లన్నిటికీ 5 మిల్లీమోలార్ ఆక్సిజన్ కావాలి. గాలికి తెరిచి ఉంచిన నీటిలో గది ఉష్ణోగ్రత వద్ద కరిగి ఉండేది దాదాపు 0.25 మిల్లీమోలారే. అందువల్ల కాథోడ్‌ను ప్లాస్టరు కింద గాలి ఆడకుండా మూసివేస్తే, యానోడ్ ఎంత మంచిదైనా ప్రయోజనం ఉండదు. నీటిని వికర్షించే కార్బన్ కాగితాన్ని వెనుక పొరగా పెట్టి, ఆ వెనుక వైపు గాలికి తెరిచి ఉండేలా కాథోడ్‌ను అమర్చాలి.

దోషం యానోడ్ వైపు తేలితే ముందుగా మీడియేటరును, అంటే ఎంజైమ్ నుంచి ఎలక్ట్రోడుకు ఎలక్ట్రాన్లను చేరవేసే పదార్థాన్ని, చూడాలి. లాక్టేట్ ఆక్సిడేజ్ సహజంగా ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కే ఇచ్చి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారు చేస్తుంది. టెట్రాథయాఫుల్వలీన్ లేదా నాఫ్తోక్వినోన్ వంటి మీడియేటరు తగినంత లేకపోతే ఎలక్ట్రాన్లు ఆ దారిన పోతాయి, పైగా పోగుపడే పెరాక్సైడ్ ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది. మీడియేటరును పెంచి, దాన్ని కార్బన్ నానోట్యూబుల పొరలో ఇమిడ్చితే ఈ నష్టం తగ్గుతుంది.

లక్షణం: బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ప్రయోగశాల ద్రావణంలో) పనిచేసింది, చెమటలో ఆగిపోయింది

కాథోడ్ మీద లాకేస్ అనే ఎంజైమ్ ఉంటే కారణం చాలావరకు ఉప్పే. చెమటలోని క్లోరైడు లాకేస్‌ను నిరోధిస్తుంది. బఫర్‌లో సోడియం క్లోరైడు కలిపి మళ్లీ కొలిస్తే అనుమానం నిమిషాల్లో తీరుతుంది. పరిష్కారం బిలిరుబిన్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైమ్‌కు మారడం, ఎందుకంటే అది క్లోరైడును చాలా మెరుగ్గా తట్టుకుంటుంది, తటస్థ పీహెచ్ దగ్గర కూడా పనిచేస్తుంది. ఉప్పు కలిపినా తేడా రాకపోతే పీహెచ్‌ను చూడాలి, ఎందుకంటే మనిషిని బట్టి, చెమట పట్టే వేగాన్ని బట్టి అది సుమారు 4.5 నుంచి 7 దాకా మారుతుంది.

లక్షణం: గంటలు గడిచేకొద్దీ పవరు తరిగిపోతుంది

సెల్‌ను లాక్టేట్ లేని కృత్రిమ చెమటలో పెట్టి నడిపి చూడాలి. అప్పుడు కూడా గణనీయంగా పవరు వస్తుంటే అది లాక్టేట్ నుంచి వస్తున్నది కాదు. కాథోడ్‌లో సిల్వర్ ఆక్సైడ్ ఉన్న సెల్‌లలో ఈ అయోమయం తరచు కలుగుతుంది, ఎందుకంటే ఆ పదార్థం బ్యాటరీలో లాగా ఖర్చయిపోతుంది. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాంగ్ బృందం 2017లో చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.2 మిల్లీవాట్లు చూపిన సాగే సెల్ కాథోడ్ అలాంటిదే. గాలి మీద ఆధారపడే కాథోడ్ ఉన్నవారు ఆ అంకెతో తమ సెల్‌ను పోల్చి నిరుత్సాహపడనవసరం లేదు.

లాక్టేట్ లేకుంటే పవరు రాకుండా, ఉన్నప్పుడు తరుగుతూ ఉంటే, ఎంజైమో మీడియేటరో కరిగి బయటికి పోతున్నట్టు అనుమానించాలి. గ్లూటరాల్డిహైడ్‌తో బంధించి పైన కైటోసాన్ పొర వేస్తే ఈ కారడం తగ్గుతుంది. అయితే మిగిలిన గ్లూటరాల్డిహైడ్ పూర్తిగా కడిగిపోయేదాకా, మీడియేటరు చర్మానికి తగలకుండా చూసుకునేదాకా ఆ సెల్‌ను ఎవరి ఒంటికీ అంటించకూడదు.

లక్షణం: వ్యాయామం మొదట్లో బాగుంది, తర్వాత నిలిచిపోయింది

పాత చెమట ఎలక్ట్రోడు కింద నిలవ ఉండి, అందులోని లాక్టేట్ అయిపోయి ఉండవచ్చు. చెమట ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు నుంచి పోయేలా సన్నని కాలువ, దాని చివర పీల్చే కాగితం పెట్టాలి. కదలకుండా కూర్చునేవారికైతే స్థానాన్నే మార్చడం మేలు. వేలి కొనల్లో చెమట గ్రంథులు దట్టంగా ఉంటాయి కనుక, 2021లో పైన చెప్పిన విశ్వవిద్యాలయం వారు వేలికి చుట్టిన హైడ్రోజెల్ సెల్‌తో, ఏ వ్యాయామమూ లేకుండా, నిద్రలోనే వందల మిల్లీజౌళ్లు సేకరించగలిగారు.

లక్షణం: సెల్ మంచిదే, దానితో నడిపే పరికరం మాత్రం లేవడం లేదు

వోల్టేజీ సరిపోలేదని రెండు సెల్‌లను వరుసగా కలిపితే, రెండూ ఒకే చెమట పొరలో తడుస్తున్నప్పుడు ఆ ద్రవమే వాటిని లోపల షార్ట్ చేస్తుంది. ప్రతి సెల్‌కూ విడి గది, మధ్యలో పొడి గట్టు ఉండాలి. అది కుదరకపోతే తక్కువ వోల్టేజీని పెంచి ఇచ్చే బూస్ట్ కన్వర్టరు వాడాలి. అయితే దాని పత్రంలో నడిచే కనీస వోల్టేజీ కాక, పూర్తిగా ఆగిన స్థితి నుంచి మొదలవడానికి కావలసిన వోల్టేజీని చూసి ఎంచుకోవాలి. ఈ రెండో అంకె సాధారణంగా ఎక్కువే.

కన్వర్టరు తర్వాత, విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటరు నిండకపోతే దాని లీకేజీని (లోలోపలే కారిపోయే కరెంటును) కొలవండి. సెల్ 50 మైక్రోవాట్లు ఇస్తే 100 సెకన్లకు 5 మిల్లీజౌళ్లే పోగవుతాయి, కన్వర్టరులో కొంత పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు లీకేజీ కొన్ని మైక్రోఆంపియర్లు ఉంటే 3 వోల్టుల దగ్గర 10 మైక్రోవాట్లకు పైగా అక్కడే కారిపోతుంది. దాన్ని తీసి తక్కువ లీకేజీ ఉన్న సిరామిక్ కెపాసిటరు పెట్టి, పరికరం పంపే బ్లూటూత్ సందేశాల మధ్య విరామాన్ని అది నిండే సమయానికి తగ్గట్టు పొడిగించాలి.