పాత బీఎండబ్ల్యూ ఎక్స్‌5: వానలకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

2006 చివర్లో మొదలై 2013 వరకు తయారైన రెండో తరం ఎక్స్‌5ను ఈ70 (E70) అంటారు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఈ కారు ధర ఇప్పుడు ఒక కొత్త చిన్న కారు ధర దాకా దిగివచ్చింది కానీ, దాని విడిభాగాల ధరలు మాత్రం అలా దిగలేదు. ఈ కారుకు వానాకాలంలో వచ్చే పెద్ద ఖర్చుల్లో చాలా భాగం నీటివల్ల వచ్చేవే. వాటిని మే నెలలో కొద్ది వేల రూపాయలతో ఆపుకోవచ్చు.

అందువల్ల మొదట చూడవలసింది ఇంజిన్ కాదు, పైకప్పు. పెద్ద సన్‌రూఫ్ ఉన్న కార్లలో అద్దం చుట్టూ ఒక కాలువ ఉంటుంది. అందులోకి చేరిన వాన నీరు నాలుగు మూలల నుంచి సన్నని పైపుల ద్వారా కారు కిందికి పోవాలి. వేప చెట్టు కిందనో, కానుగ చెట్టు కిందనో నిలిపే కారులో ఎండుటాకుల పొడి, దుమ్ము కలిసి ఈ పైపుల్లో గట్టిపడతాయి. ముందు పైపులు మూసుకుపోతే సీట్ల కింది కార్పెట్ తడుస్తుంది. వెనుక పైపులు మూసుకుపోయినా, అతుకు దగ్గర ఊడినా నీరు డిక్కీ అడుగుకు చేరుతుంది. ఈ కారులో బ్యాటరీతో పాటు కొన్ని ముఖ్యమైన ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉండేది కూడా అక్కడే.

సన్‌రూఫ్ తెరిచి, ఒక్కొక్క మూలలో గ్లాసెడు నీళ్లు నెమ్మదిగా పోయండి. కొద్ది క్షణాల్లో ఆ వైపు చక్రం దగ్గరో, బంపర్ వెనుకో ధారగా కారాలి. నీరు కాలువలోనే నిలిచిపోతే సన్నని నైలాన్ తీగను మెల్లగా దూర్చి శుభ్రం చేయించండి. కంప్రెసర్ గాలిని గట్టిగా కొట్టనివ్వవద్దు. ఆ ఒత్తిడికి లోపలి అతుకులు ఊడిపోతే, అడ్డు తొలగినట్టే కనిపించినా నీరంతా కారులోకే దిగుతుంది. తర్వాత డిక్కీ అడుగు పలకను ఎత్తి, పక్క గుంటల్లోకి చెయ్యి పెట్టి తడిమి చూడండి. అక్కడి ఫెల్టు చెమ్మగా తగిలినా, మక్కిన వాసన వచ్చినా, కనెక్టర్ల మీద తెల్లటి లేదా పచ్చటి బూజులాంటి పొర కనిపించినా నీరు ఇదివరకే చేరిందని అర్థం. పార్కింగ్ సెన్సార్లు ఉన్నట్టుండి మూగబోవడం, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం కూడా ఆ నీటి గుర్తులే కావచ్చు. పైపులు శుభ్రం చేయడానికి బయటి షెడ్డులో రెండు మూడు వేలకు మించి కాకపోవచ్చు. పాడైన ఒక్క ఎలక్ట్రానిక్ పెట్టెను మార్చి, కోడింగ్ (దాని సాఫ్ట్‌వేర్‌ను కారుకు తగినట్టు అమర్చడం) చేయించడానికి మాత్రం పదుల వేలు కావాలి.

బ్యాటరీ పాతదైతే వానలకు ముందే మార్చడం మంచిది. కొత్తది పెట్టాక స్కానర్‌తో దానిని కారులో నమోదు చేయించాలి, లేకపోతే చార్జింగ్ పాత బ్యాటరీకి తగినట్టే సాగి కొత్తది త్వరగా పాడవుతుంది.

ఏడు సీట్ల కార్లలో వెనుక వైపు ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్లు, ఉంటుంది. సమతలమైన చోట రాత్రంతా నిలిపి, ఉదయం స్టార్ట్ చేయకముందే వెనుక భాగం ఎంత ఎత్తులో ఉందో చూడండి. ఒక పక్క కుంగితే ఆ వైపు బెలూన్‌లో గాలి కారుతున్నట్టే. మడతల దగ్గర సబ్బు నీళ్లు రాస్తే బుడగలు కనిపిస్తాయి. దీనిని వాయిదా వేయవద్దు. కారే గాలిని నింపడానికి కంప్రెసర్ విరామం లేకుండా తిరిగి అదీ కాలిపోతే, బెలూన్‌తో తీరవలసిన ఖర్చు రెండు మూడింతలవుతుంది.

2010 తర్వాతి డీజిల్ కార్లలో టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయంలో తెరుచుకునేలా చూసే గొలుసు) ఇంజిన్‌కు వెనుక, గేర్‌బాక్స్ వైపున ఉంటుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అటు నుంచి గలగల శబ్దం వస్తే వానలతో సంబంధం లేకుండా వెంటనే చూపించాలి, ఎందుకంటే అక్కడికి చేరడానికే ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో దింపాలి, బిల్లు లక్షల్లోకి వెళుతుంది. వైపర్ల రబ్బరు, టైర్ల గాడులు ఎలాగూ చూస్తారు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల తయారీ తేదీని కూడా చదవండి. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం.

నీరు నిలిచిన రోడ్డు విషయంలో, ఎత్తైన కారు కదా అనే ధీమా ఎంతమాత్రం పనికిరాదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో వరద వచ్చినప్పుడు పెద్ద కార్లు కూడా నీట మునిగాయి. ముందు వెళుతున్న వాహనాల చక్రాల్లో సగం మునుగుతుంటే వెనక్కి తిరగడమే మేలు. లోతు తక్కువే అనిపించినా, ఎదురుగా వచ్చే బస్సు రేపే అల ఇంజిన్ గాలి పీల్చే మార్గం దాకా ఎగరగలదు. నీటిలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్‌లో చేరిన నీరు నొక్కుకుపోదు కనుక పిస్టన్‌ను నడిపే రాడ్డు వంగిపోతుంది, అప్పుడయ్యే ఖర్చు కారు విలువనే మించవచ్చు. సాధారణ బీమా పాలసీలు ఈ నష్టాన్ని చెల్లించవు; దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉండాలి. పాత కార్లకు దానిని ఇవ్వడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు కాబట్టి రెన్యువల్ తేదీకి ముందే అడిగి, ఇస్తామంటే పాలసీ పత్రంలో రాసి ఉందో లేదో చదివి చూసుకోండి. ఆగిన కారును తాడు కట్టి లాగించవద్దు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కారు కనుక కారును మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండినే పిలిపించండి. ఆ నంబరు వానలు మొదలవకముందే ఫోనులో ఉండాలి.