బ్రీడర్ రిజిస్ట్రేషన్: నాకు పనికొచ్చింది ఒక్క రిజిస్టరే (నా అనుభవం)

మాది హైదరాబాద్‌లోని అల్వాల్. ఇంట్లో రెండు ఆడ లాబ్రడార్లున్నాయి. బ్రీడర్‌గా, అంటే కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మేవాడిగా, నమోదు కోసం పెట్టిన దరఖాస్తు 'రికార్డులు లేవు' అంటూ రెండుసార్లు వెనక్కి వచ్చింది. పెంపుడు కుక్క లైసెన్సు జతచేశాను, ఏజెంటును పట్టుకున్నాను, అఫిడవిట్ ఇచ్చాను, ఏదీ పనిచేయలేదు.

ఆ లైసెన్సు మున్సిపల్ కార్పొరేషన్‌ది, ఇంట్లో పెంచుకోవడానికి మాత్రమే. కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మాలంటే 2017 కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఈ తేడా తెలియకే నెల గడిచిపోయింది.

చివరికి చేసింది ఇది. ముందు పశువుల డాక్టరు దగ్గర రెండింటికీ మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు చిప్) వేయించాను. చిప్‌తో వచ్చే బార్‌కోడ్ స్టిక్కర్లు పారేయకండి! తర్వాత గట్టి అట్ట రిజిస్టరు కొని, ఒక్కో కుక్కకు ఒక్కో పేజీ పెట్టాను. పైన స్టిక్కరు, కింద పుట్టిన తేదీ, టీకాలు, క్రాసింగ్ తేదీ, ఎన్నో ఈత. టీకాల వరుస పక్కన డాక్టరు సంతకం, స్టాంపు. వెనక పేజీల్లో పోయినసారి పిల్లలు ఎవరికి, ఏ తేదీన వెళ్లాయో రాశాను. 8 వారాలు నిండకుండా అమ్మకూడదు కాబట్టి ఆ తేదీలు స్పష్టంగా కనిపించాలి. జిరాక్సులు, కుక్కలు పడుకునే చోటు ఫొటోలు కలిపి మళ్లీ ఇచ్చాను.

తనిఖీకి వచ్చినాయన ముందు రిజిస్టరే అడిగారు. పేజీలన్నీ తిప్పాకే కుక్కల దగ్గరికి వెళ్లారు. ఆ తర్వాత సర్టిఫికెట్ వచ్చింది.

నావి రెండే కుక్కలు. పెద్ద కెన్నెల్ ఉన్నవాళ్లకు ఇదొక్కటే సరిపోతుందని చెప్పలేను.