పాత జెట్టాలో ఫ్యాక్టరీ బ్లూటూత్: డబ్బా బిగించడం నుంచి కోడింగ్ దాకా

మా ఫోక్స్‌వ్యాగన్ జెట్టా 2010 మోడల్. ఇంజిన్ ఇంకా బాగుంది, బాడీలో ఎక్కడా తుప్పు లేదు, ఇప్పట్లో అమ్మే ఆలోచన కూడా లేదు. ఉన్న లోటల్లా ఒక్కటే, ఫోన్ మోగితే బండి పక్కకు తీసి ఆపాలి. ఆండ్రాయిడ్ స్క్రీన్ వేసేయమని చాలామంది చెప్పారు. వేసుకున్నవాళ్ళను తప్పుపట్టను, కానీ డాష్‌బోర్డు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, ఫోన్ మాట కారు స్పీకర్లలోనే వినిపించాలి, స్టీరింగ్ మీది బటన్లతో వాల్యూమ్ తగ్గాలి, అదీ నేను కోరుకున్నది. అందుకే కంపెనీ బ్లూటూత్ డబ్బానే తెచ్చి బిగించాను. ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో వివరంగా రాస్తున్నాను. ఐదో తరం జెట్టాకే కాదు, గోల్ఫ్ 5, 6కీ, బీ6 పస్సాట్‌కీ పద్ధతి దాదాపు ఇదే. స్కోడా లారా కూడా ఈ కుటుంబం బండే, కాకపోతే రేడియోల పేర్లు, డబ్బా నంబర్లు వేరుగా ఉంటాయి కాబట్టి లారా ఉన్నవాళ్ళు తమ బండి వైరింగ్ డయాగ్రమ్ చూసుకుని దిగండి.

ముందు ఒక అపోహ. కోడింగ్ అంటే స్కానర్‌తో బండిలోని కంప్యూటర్ల సెట్టింగులు మార్చడం. "కోడింగ్ చేయిస్తే బ్లూటూత్ ఆన్ అయిపోతుందట కదా" అని చాలామంది అడుగుతారు. ఈ బండ్లలో చాలావాటికి రేడియో లోపల బ్లూటూత్ ఉండదు. అది ముందు సీటు కింద, కార్పెట్ దగ్గర వేరే డబ్బాలో ఉంటుంది, వైరింగ్ డయాగ్రమ్‌లో దాన్ని జే412 అని రాస్తారు. ఆ డబ్బాకు పైకప్పు లైటు దగ్గర పెట్టే మైక్ నుంచి మన గొంతు వస్తుంది, అవతలివాళ్ళ గొంతు రెండు వైర్ల మీద రేడియోకి వెళ్తుంది, ఎవరు చేస్తున్నారు, ఎత్తాలా కట్ చేయాలా అన్న సమాచారమంతా క్యాన్ అనే జంట వైర్ల మీద నడుస్తుంది. కోడింగ్ చేసేది ఒక్కటే, "ఇంట్లోకి కొత్త మనిషి వచ్చాడు" అని గేట్‌వేకీ (బండిలోని కంప్యూటర్ల మధ్య సమాచారం దాటించే డబ్బా), రేడియోకీ చెప్పడం. మనిషి రాకుండా చెప్తే ఏం లాభం? డబ్బా లేకుండా కోడింగ్ చేస్తే ఫాల్ట్ కోడ్ ఒకటి మిగులుతుంది, అంతే.

కాబట్టి అసలు పని కొనే దగ్గరే మొదలవుతుంది, డబ్బులు పోయేదీ అక్కడే. నా మొదటి డబ్బా వృథా అయింది. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ పార్టులు అమ్మే ఒకాయన దగ్గర "ప్రీమియం" అని చూసి, ప్రీమియం అంటే మంచిదే కదా అని ఎక్కువ పెట్టి కొన్నాను. అది ఆర్‌శాప్ పద్ధతిది. అంటే ఫోన్‌లోని సిమ్ వివరాలు తీసుకుని డబ్బానే సొంత ఫోన్‌లా పనిచేస్తుంది. ఐఫోన్‌లో ఆ సౌకర్యం ఎప్పుడూ లేదు, ఇంట్లో ఉన్నవి రెండూ ఐఫోన్లే. మీకు కావాల్సింది మామూలు హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్, అంటే హెచ్‌ఎఫ్‌పీ ఉన్న డబ్బా. యజమానులు, మెకానిక్‌లు దీన్ని 9డబ్ల్యూ2 అంటారు. 1కె8 035 730తో మొదలయ్యే నంబర్లు ఈ రకానివి. చివర ఉండే అక్షరం కూడా చూడండి, పాటలు కూడా బ్లూటూత్‌లో రావాలంటే ఏ2డీపీ ఉన్న అక్షరమే తీసుకోవాలి, లేకపోతే కాల్స్ మాత్రమే వస్తాయి. అమ్మేవాళ్ళను స్టిక్కర్ కనిపించేలా ఫొటో అడగండి. ఫొటో పెట్టనివాళ్ళ దగ్గర కొనకండి.

స్టిక్కర్‌తో పాటు పిన్నులు కూడా చూడాలి. 54 పిన్నుల కనెక్టర్ అది. ఈ డబ్బా సీటు కింద ఉంటుంది కాబట్టి కార్పెట్ కిందికి నీళ్ళు వస్తే మొదట దెబ్బతినేది అదే. పిన్నుల మీద ఆకుపచ్చ పొడి కనిపించిందంటే నీళ్ళలో ఉన్న డబ్బా, ఎంత చవకైనా వదిలేయండి. తడిసి పాడైన డబ్బా పనిచేయకపోవడమే కాదు, కొన్నిసార్లు క్యాన్ లైన్‌ను నిద్రపోనివ్వకుండా రాత్రంతా బ్యాటరీని తాగేస్తుంది. మీ బండి సంగతి కూడా చూసుకోండి, బిగించే ముందు సీటు కింద కార్పెట్‌ను చేత్తో గట్టిగా నొక్కండి. తడి తగిలితే సన్‌రూఫ్ డ్రెయిన్, ఏసీ నీళ్ళ పైపు, డోర్ లోపలి సీల్ ఒక్కొక్కటీ చూపించుకుని, ఆరాకే ఈ పని మొదలుపెట్టండి.

రెండోది గేట్‌వే, డయాగ్రమ్‌లో జే533. మీరు పాత రేడియో తీసి ఆర్‌సీడీ 510, ఆర్‌ఎన్‌ఎస్ 510 లాంటివి పెట్టుకుని ఉంటే, గేట్‌వే మరీ పాత వెర్షన్ అయితే ఆ రేడియో బండి లాక్ చేశాక కూడా సరిగ్గా నిద్రపోదు. బ్లూటూత్ పెట్టాక బ్యాటరీ దిగిపోతోందని చాలామంది డబ్బాను నిందిస్తారు, తీరా చూస్తే పాత గేట్‌వే, కొత్త రేడియో కలవక వచ్చిన సమస్య. అందుకే ఏదీ కొనక ముందే స్కానర్‌తో ఒక పూర్తి ఆటోస్కాన్ (బండిలోని అన్ని కంప్యూటర్లనూ వరసగా చదివే స్కాన్) తీసి, రేడియో నంబరు, గేట్‌వే నంబరు రాసిపెట్టుకోండి. ఆ స్కాన్ ఫైలు పారేయకండి, తర్వాత ఏ లోపం కొత్తదో ఏది పాతదో చెప్పేది అదే.

స్కానర్ అంటే వీసీడీఎస్. రాస్-టెక్ వాళ్ళది, ఈ కుటుంబం బండ్లకు ఇంతకంటే అనుకూలమైనది నేను చూడలేదు. ఒక్క బండి కోసం ఒరిజినల్ కేబుల్ కొనడం భారమే కాబట్టి కేబుల్ ఉన్న ఓనర్ ఎవరైనా దగ్గర్లో ఉంటే ఒక సాయంత్రం అడగండి, కాఫీకి పిలవండి, ఈ బండ్లు నడిపేవాళ్ళు ఇలాంటి వాటికి సంతోషంగా వస్తారు. నకిలీ కేబుల్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. రీడింగ్ వరకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కోడింగ్ రాసే మధ్యలో కనెక్షన్ తెగిందంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇక వైరింగ్. కొనాల్సినవి: డబ్బా, దాని 54 పిన్నుల కనెక్టర్, అందులో దూర్చే రిపేర్ వైర్లు (చివర పిన్ను ఉన్నవి), మైక్, క్లాత్ టేప్, హీట్ ష్రింక్ (వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే గొట్టం), 5 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టిన లైను. రెడీమేడ్ హార్నెస్, అంటే తయారుగా అల్లిన వైర్ల కట్ట, దొరికితే అదే కొనండి, డబ్బు కంటే టైమ్ ఎక్కువ మిగులుతుంది. నాకు దొరకలేదు, హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి వైరు, హీట్ ష్రింక్, క్రింప్ పిన్నులు తెచ్చుకుని సొంతంగా అల్లుకున్నాను. నల్లటి పీవీసీ ఇన్సులేషన్ టేప్ మాత్రం వాడొద్దు. మన ఎండలకు జిగురు కరిగి ఏడాదిలో ఊడి, వైర్లన్నీ జిగటగా తయారవుతాయి.

బ్యాటరీ నెగటివ్ తీసి కొంచెంసేపు ఆగి పని మొదలుపెట్టండి. సీటు నాలుగు బోల్టులూ పన్నెండు పళ్ళ ఎం10 బిట్‌తో వస్తాయి, మామూలు అలెన్ కీతో ప్రయత్నిస్తే తల చెడిపోతుంది. సీటు కింద పసుపు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది. అది ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు, చేస్తే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, స్కానర్‌తో తుడిపేదాకా పోదు. రేడియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము మెల్లగా లాగితే వస్తుంది, వెనక నాలుగు టీ20 స్క్రూలు.

రేడియో వెనక కనెక్టర్‌లో 9వ పిన్ను క్యాన్ హై, 10వది క్యాన్ లో. రంగు చూసినా తెలుస్తుంది, నారింజ మీద ఊదా గీత హై, నారింజ మీద గోధుమ గీత లో. నారింజ వైర్లు బండిలో చాలా చోట్ల ఉంటాయి, నారింజ మీద నలుపు ఇంజిన్ లైను, నారింజ మీద ఆకుపచ్చ డోర్ల లైను, వాటిని పొరపాటున కూడా ముట్టుకోవద్దు. అనుమానం వస్తే మల్టీమీటర్ పెట్టండి, కానీ ఇక్కడ పేరు చూసి మోసపోవద్దు: ఈ ఇన్ఫోటైన్‌మెంట్ లైను 100 కిలోబిట్ల నెమ్మది రకం, ఇందులో సందేశం లేనప్పుడు హై అని పేరున్న వైరులో దాదాపు 0 వోల్టులు, లో అని పేరున్న వైరులో దాదాపు 5 వోల్టులు ఉంటాయి. బండి నిద్రపోయాక లో వైరు 12 దాకా కూడా పోతుంది. ఇది తెలియక హై, లో తారుమారు చేసినవాళ్ళు ఉన్నారు. రేడియో నుంచి సీటు దాకా ఈ రెండు వైర్లనూ ఒకదానికొకటి జడలా మెలిపెట్టి తీసుకెళ్ళండి, ఫోన్ ఆడియో రెండు వైర్లను కూడా అలాగే. మెలిక లేకపోతే ఆడియోలో ఇంజిన్ స్పీడుతో పాటు పెరిగే సన్నటి కూత వస్తుంది.

దారి ఇలా: రేడియో వెనక నుంచి డాష్‌బోర్డు కిందికి, అక్కడి నుంచి డోర్ గుమ్మం ప్లాస్టిక్ పట్టీ కింద, అక్కడి నుంచి కార్పెట్ కింద సీటు దాకా. మైక్ వైరు అద్దం పక్క పిల్లర్ మీదుగా పైకి వెళ్ళాలి. ఆ పిల్లర్ లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే వైరు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే పోవాలి, ముందు నుంచి కాదు. ముందు నుంచి లాగితే ఎయిర్‌బ్యాగ్ విప్పుకునేటప్పుడు వైరు అడ్డం పడుతుంది. ఈ ఒక్క విషయంలో తొందరపడొద్దు, చేతకాదనిపిస్తే ఆ ఒక్క ముక్క తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, పక్కనే నిలబడి చూడండి.

అన్నీ మూసేయక ముందు ఒక పని చేయండి, నాకు రెండు రోజులు మిగిల్చింది ఇదే. హార్నెస్‌ను కార్పెట్ మీదే పరిచి, డబ్బాను సీటు పక్కన పెట్టి, అన్నీ కలిపి, సీటు కనెక్టర్ తగిలించి, బ్యాటరీ పెట్టి కోడింగ్ చేసి ఒక కాల్ మాట్లాడండి. అది బాగా వచ్చాకే విప్పి వైర్లు లోపల దాచండి. నేను పరిచి చూసినప్పుడు మైక్ రెండు వైర్లలో ఒకదాని క్రింప్ సరిగ్గా పడలేదని తెలిసింది, అదే పైకప్పులో దాచాక అయితే మళ్ళీ మొత్తం విప్పాల్సి వచ్చేది.

కోడింగ్ చేసేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచండి, వోల్టేజీ పడిపోకూడదు. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. వీసీడీఎస్‌లో ఒక్కో కంప్యూటర్‌కు ఒక నంబరు ఉంటుంది. మొదట 19, అంటే గేట్‌వే. అందులో ఇన్‌స్టలేషన్ లిస్ట్ తెరిస్తే కంట్రోల్ యూనిట్ల జాబితా వస్తుంది, 77-టెలిఫోన్ పక్కన టిక్ పెట్టి సేవ్ చేయండి. తర్వాత 56, రేడియో. ఇక్కడ ఏదీ ముట్టుకోక ముందు ఇప్పుడున్న కోడ్‌ను కాగితం మీద రాసుకోండి, ఫొటో కూడా తీయండి. లాంగ్ కోడింగ్ హెల్పర్ తెరిస్తే ఒక్కో బిట్ దేనికో పక్కనే రాసి ఉంటుంది, టెలిఫోన్ ఉన్నట్టు చెప్పేది చూసి పెట్టండి. ఎవరో ఇచ్చిన మొత్తం కోడ్‌ను కాపీ చేసి పేస్ట్ చేయొద్దు, వాళ్ళ బండిలో స్పీకర్ల సంఖ్య వేరు, యాంటెన్నా వేరు, మీ రేడియో సౌండ్ చెడిపోతుంది. ఆ తర్వాత 77 తెరవండి. తెరుచుకుందంటే క్యాన్ వైర్లు సరిగ్గా ఉన్నట్టే. తెరుచుకోకపోతే కోడింగ్‌తో కుస్తీ పట్టొద్దు, ముందు ఫ్యూజు, తర్వాత ఎర్త్, తర్వాత హై, లో తారుమారయ్యాయా చూడండి. 77లో ఆర్38 ఓపెన్ సర్క్యూట్ అని ఫాల్ట్ ఉంటే అది మైక్ వైరు, నాకు వచ్చింది అదే. అన్నీ సరిచేశాక ఫాల్ట్‌లన్నీ తుడిచి, ఇగ్నిషన్ ఆపి, రేడియో పూర్తిగా ఆరిపోయాక మళ్ళీ ఆన్ చేయండి.

ఆడీ కొత్త బండ్లలో దీనికి అదనంగా కాంపొనెంట్ ప్రొటెక్షన్ అనే తాళం ఉంటుంది, వేరే బండి నుంచి తెచ్చిన డబ్బాను కంపెనీ సర్వర్‌కు కలిపి మాత్రమే విప్పగలరు. ఆడీ ఉన్నవాళ్ళు కొనే ముందే ఆ విషయం కనుక్కోండి.

ఫోన్ జత చేసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసిన వెంటనే వెతకండి, డబ్బా కొన్ని నిమిషాలు మాత్రమే కనిపిస్తుంది. దొరక్కపోతే ఇగ్నిషన్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి వెతకండి.

అదే రాత్రి బ్యాటరీ పరీక్ష చేయండి, వాయిదా వేయొద్దు. బానెట్ తెరిచి, దాని కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయండి, లేకపోతే బండి నిద్రపోదు. నెగటివ్ లైన్లో ఆంప్‌మీటర్ పెట్టి, లాక్ చేసి, అరగంట ఆగి చూడండి. 50 మిల్లీఆంపియర్ల కంటే కిందికి దిగాలి. దిగకపోతే బ్లూటూత్ ఫ్యూజు తీసి చూడండి, అప్పుడు దిగితే డబ్బాది తప్పు, అప్పుడూ దిగకపోతే రేడియో, గేట్‌వే వైపు వెళ్ళండి. మీటర్ లైన్లో ఉండగా మాత్రం స్టార్ట్ చేయొద్దు, మీటర్ కాలిపోతుంది.

ఫోన్‌బుక్ గురించి ఒక మాట. మొదటిసారి జత చేసినప్పుడు కాంటాక్ట్స్ చూడనివ్వాలా అని ఫోన్ అడుగుతుంది, అప్పుడు వద్దని నొక్కితే కాల్స్ వస్తాయి కానీ పేర్లు రావు, ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మళ్ళీ అనుమతి ఇవ్వాలి. పేర్లు తెలుగు లిపిలో సేవ్ చేసుకున్నవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది, ఈ పాత రేడియో అక్షరాల్లో తెలుగు లేదు. మా అమ్మ ఫోన్ చేస్తే పేరు కనిపించలేదు, ఎవరో తెలియని నంబరేమో అని ఎత్తలేదు. ఆ రోజే తరచుగా మాట్లాడే ఇరవై మంది పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి, కారులో పాత ఫోన్‌బుక్ తీసేసి మళ్ళీ జత చేశాను. ఇప్పుడు అమ్మ పేరు స్క్రీన్ మీద కనిపిస్తుంది, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి మాట్లాడుతున్నాను.