పోటీలో నిలబడే విద్యార్థి కలెక్షన్‌ను తయారుచేసుకోవడం ఎలా

1954లో అంతర్జాతీయ ఉన్ని సంస్థ నిర్వహించిన ఫ్యాషన్ డిజైన్ పోటీలో, తరవాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధ డిజైనర్లయిన ఇద్దరు, 21 ఏళ్ల కార్ల్ లాగర్‌ఫెల్డ్ కోటు విభాగంలోనూ, 18 ఏళ్ల ఈవ్ సెయింట్ లారెంట్ గౌను విభాగంలోనూ బహుమతులు గెలుచుకున్నారు. అప్పట్లో పోటీదారులు పంపవలసింది కాగితం మీద గీసిన బొమ్మ మాత్రమే. గెలిచిన బొమ్మను బట్టగా మలిచే పనిని పారిస్‌లోని పేరున్న దుస్తుల సంస్థలు చూసుకునేవి. లాగర్‌ఫెల్డ్ గీసిన కోటును కుట్టింది బాల్మేన్ సంస్థ. ఆ తరవాత అతణ్ణి సహాయకుడిగా చేర్చుకున్నదీ అదే. ఈనాటి విద్యార్థికి ఆ సదుపాయం లేదు. ఇప్పుడు తుది విడతలో న్యాయనిర్ణేతల ముందుకు వచ్చేది కుట్టిన బట్ట, అది కూడా విద్యార్థే ప్యాటర్న్ (బట్ట కత్తిరించడానికి కాగితం మీద వేసుకునే అచ్చు) గీసి, కత్తిరించి, నిలబెట్టిన బట్ట. అందుచేత బహుమతి గురించి ఆలోచించే విద్యార్థి మొదట ఒప్పుకోవలసిన విషయం ఏమిటంటే, ఆలోచన ఎంత గొప్పదైనా అది కోతలోకీ కుట్టులోకీ దిగకపోతే దానికి మార్కులు రావు. ఈ వ్యాసమంతా ఆ దిగే దారి గురించే.

ప్రేరణతో కాక ప్రశ్నతో మొదలుపెట్టండి

మీ కలెక్షన్, అంటే ఒకే ఆలోచన మీద చేసిన దుస్తుల వరస, దేని గురించి అని అడిగితే చాలామంది విద్యార్థులు ‘సముద్రం’ అనో, ‘జ్ఞాపకాలు’ అనో, ‘నగర జీవితం’ అనో చెబుతారు. ఇవి విషయాలే తప్ప ప్రశ్నలు కావు. విషయం దగ్గర ఆగిపోయిన విద్యార్థి చివరికి నీలిరంగు బట్ట మీద అలల ముద్రణ వేసి ఊరుకోవలసి వస్తుంది. ప్రశ్న అలా ఉండదు. తడిసి ఒంటికి అతుక్కున్న బట్టలో ఏర్పడే ముడతలను పొడిబట్టలో నిలపడం సాధ్యమా? ఒకే కోటును తాతా మనవడూ ఇద్దరూ ఏ మార్పూ లేకుండా వేసుకోవాలంటే భుజం కుట్టు ఎక్కడ పడాలి? ఇటువంటి ప్రశ్నకు జవాబు కత్తెరతోనూ సూదితోనూ వెతకవలసిందే కాబట్టి, పరిశోధన మొదటి రోజు నుంచే బట్ట మీద సాగుతుంది.

దీనికి నేను చూపగలిగిన గట్టి ఉదాహరణ డిజైనర్ హుస్సేన్ చలాయన్. 1993లో లండన్‌లోని సెంట్రల్ సెయింట్ మార్టిన్స్‌లో చదువు ముగిస్తూ, అతడు పట్టు దుస్తులను ఇనుప రజనుతో కలిపి ఒక మిత్రుడి తోటలో పాతిపెట్టి, కొన్ని వారాల తరవాత తవ్వి బయటకు తీశాడు. తుప్పు పట్టి, మట్టి కమ్మి, అక్కడక్కడా శిథిలమైన ఆ బట్ట ఉపరితలమే ఆ కలెక్షన్‌కు ప్రాణమైంది. బట్ట శిథిలం కావడం గురించి చెప్పడానికి బట్టనే శిథిలం కానిచ్చాడు కాబట్టి, అక్కడ ఆలోచనకూ తయారీ పద్ధతికీ మధ్య ఖాళీ లేదు. బ్రౌన్స్ అనే ప్రసిద్ధ దుకాణం ఆ దుస్తులను తన అద్దాల కిటికీలో ప్రదర్శించింది. ఈ ఉదంతం చదివి మీరు కూడా బట్టలు పాతిపెట్టనక్కరలేదు. మీ ప్రశ్నకు తగిన పని ఏదో వెతుక్కుని, ఆ పనినే కలెక్షన్ పొడుగునా చేయాలి.

ప్రశ్న పెద్దదిగా ఉండాలన్న నియమమూ లేదు. డిజైనర్ మార్క్ జేకబ్స్ 1984లో న్యూయార్క్‌లోని పార్సన్స్ డిజైన్ కళాశాల నుంచి బయటకు వచ్చినప్పుడు అతనికి గుర్తింపు తెచ్చినవి చేత్తో అల్లిన వదులైన పెద్ద స్వెట్టర్లు. అవి అల్లింది అతని నాయనమ్మ. ఒక్క పదార్థం, ఒక్క పద్ధతి, కొలతల మీద ఒక్క సాహసం. పరిమితిని ఇంత కచ్చితంగా పెట్టుకున్న విద్యార్థులు అరుదు. ఉన్న కొద్ది నెలల్లో అల్లిక, చర్మం, అద్దకం, ఎంబ్రాయిడరీ అన్నీ చూపాలనుకునేవాళ్లు దేనిలోనూ రెండో ప్రయత్నం దాకా వెళ్లలేకపోతారు. నిజానికి మంచి ఫలితం వచ్చేది మూడో ప్రయత్నంలో, కొన్నిసార్లు ఆరో ప్రయత్నంలో.

ఏ పోటీకి పంపాలో ముందే చూసుకోండి

పోటీలన్నీ ఒకేదాన్ని వెతకవు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ఇయేర్ పట్టణంలో 1980ల మధ్య నుంచి జరుగుతున్న ఫ్యాషన్ ఉత్సవం కొత్త చూపుకు ఎక్కువ విలువ ఇస్తుంది. డిజైనర్లు విక్టర్ అండ్ రోల్ఫ్ జంట 1993లోనూ, ఆంథొనీ వకారెల్లో 2006లోనూ అక్కడే వెలుగులోకి వచ్చారు. ఇటలీలోని ట్రియెస్టేలో 2002లో మొదలైన ఐటీఎస్ పోటీ పోర్ట్‌ఫోలియోను (పనిని చూపే చిత్రాలు, నమూనాల పుస్తకాన్ని) ఎంత శ్రద్ధగా చూస్తుందంటే, ఏళ్ల తరబడి వచ్చినవాటిని భద్రపరిచి 2023లో వాటి కోసం మ్యూజియమే తెరిచింది. హాంకాంగ్ కేంద్రంగా నడిచే రిడ్రెస్ పోటీలో వ్యర్థ వస్త్రాన్ని ఎలా తిరిగి వాడారన్నది ప్రధానం. విలాస వస్తువుల దిగ్గజ సంస్థ ఎల్‌వీఎంహెచ్ ఇచ్చే ప్రధాన బహుమతికి కనీసం రెండు కలెక్షన్లు చేసి ఉండాలన్న షరతు ఉంది కనుక అది విద్యార్థులకు తొందరపాటే అవుతుంది. అయితే అదే సంస్థ 2014 నుంచి అప్పుడే చదువు ముగించినవారికి విడిగా బహుమతి ఇస్తూ, నగదుతో పాటు తన సంస్థల్లో ఒకదాని డిజైన్ విభాగంలో ఏడాది పని చేసే అవకాశం కల్పిస్తోంది. నా ఉద్దేశంలో విద్యార్థికి ఆ ఏడాది పని డబ్బు కంటే విలువైనది.

పోటీ కోసం కలెక్షన్‌ను మార్చుకోకండి. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న పోటీలు రెండు మూడు ఎంచుకుని, వాటి నియమాలను ప్యాటర్న్ గీయకముందే చదవండి. ఎన్ని లుక్‌లు (ఒక మనిషి ఒకసారి వేసుకునే పూర్తి దుస్తుల జతలు) పంపాలి, బట్టలు తిరిగి వస్తాయా, గెలిచిన డిజైన్‌పై హక్కులు ఎవరివి, ఫొటోలను నిర్వాహకులు ఎంతకాలం వాడుకోవచ్చు అనే నాలుగు విషయాలను కాగితం మీద రాసి పెట్టుకోండి. హక్కుల వాక్యం అర్థం కాకపోతే నిర్వాహకులకు ఉత్తరం రాసి అడగడానికి సంకోచించనక్కరలేదు.

బట్టను ముందు తెలుసుకోండి

తుది బట్ట ఎంచుకోగానే మొత్తం కొనేయకుండా ముందు ఒక మీటరు తెచ్చుకోండి. అందులోంచి 50 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి, దాని మధ్యలో పడుగు దిశలోనూ పేక దిశలోనూ సరిగ్గా 40 సెంటీమీటర్లకు దారంతో గుర్తులు కుట్టి, ఆ దుస్తును ఎలా శుభ్రం చేస్తారో అలాగే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తిరిగి కొలవండి. 40 కాస్తా 38.8 అయితే ఆ దిశలో 3 శాతం కుదింపు ఉన్నట్టు. ప్యాంటు పొడవులో అది మూడు సెంటీమీటర్లకు పైగా తేడా. పడుగు ఒకలా, పేక మరోలా కుదించుకుపోవడం సాధారణమే కాబట్టి రెండూ విడివిడిగా కొలవాలి. మిగిలిన ముక్కల మీద వేడి, ఆవిరి, కాజా, జిప్పు, ఫ్యూజింగ్ (గట్టిదనం కోసం వేడితో అంటించే లోపలి బట్ట) అన్నీ ప్రయత్నించి, ప్రతి ముక్క పక్కనా ఏం చేశారో రాసి నోటుపుస్తకంలో అంటించండి. పాడైన ముక్కలను పారేయకండి. పోర్ట్‌ఫోలియోలో అందమైన చిత్రాల కంటే ఎక్కువ నమ్మకం కలిగించేవి అవే.

టాయిల్స్‌కు సింహభాగం కేటాయించండి

తుది బట్టను కత్తిరించే ముందు చవక బట్టతో కుట్టి చూసే నమూనాను టాయిల్ అంటారు. విద్యార్థుల కలెక్షన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మూడ్‌బోర్డు (ప్రేరణ చిత్రాలు అతికించే పలక) మీద రెండు నెలలు గడిపి, ఒక్కో డిజైన్‌కు ఒక్కొక్క టాయిల్‌తో సరిపెట్టుకుని, చివరి పదిహేను రోజులూ నిద్ర లేకుండా తుది బట్టలు కుట్టే పద్ధతి ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మీ చేతిలో 30 వారాలు ఉన్నాయనుకుంటే, పరిశోధనకూ బట్ట పరీక్షలకూ 6 వారాలు, టాయిల్స్‌కు 12, తుది కోతకూ కుట్టుకూ 8, ఫొటోలకూ పోర్ట్‌ఫోలియోకూ మరమ్మతులకూ 4 కేటాయించమని నేను చెబుతాను. ఈ లెక్కలో కుదించక తప్పనిది ఏదైనా ఉంటే అది టాయిల్స్ కాకుండా చూసుకోండి.

టాయిల్ బట్ట బరువు తుది బట్ట బరువుకు దగ్గరగా ఉండాలి. మందపాటి ఉన్నితో రాబోయే కోటును పలచటి కోరా గుడ్డతో కుట్టి చూస్తే కాలర్ మడత, భుజం దగ్గర చెయ్యి పైభాగపు గుండ్రం, అంచు జారే తీరు అన్నీ తప్పుదారి పట్టిస్తాయి. పాత దుప్పటి అంతకంటే నిజం చెబుతుంది. సాగే అల్లిక బట్టకు సాగే బట్టతోనే టాయిల్ కుట్టాలి. పడుగుకు ఏటవాలుగా కత్తిరించిన గౌనును కనీసం ఒక రోజంతా దర్జీలు దుస్తులు తొడిగి చూసే బొమ్మకు వేలాడదీసి, బట్ట తన బరువుతో తాను సాగిన తరవాతే అంచు సరిచేయాలి. లేకపోతే ర్యాంప్ మీదకు వెళ్లేసరికి అంచు ఎగుడుదిగుడుగా తేలుతుంది.

బొమ్మ మీద చూసి తృప్తి పడకండి. టాయిల్‌ను మనిషికి తొడిగి నడిపించండి, కూర్చోబెట్టండి, మెట్లెక్కించండి, రెండు చేతులూ పైకెత్తించండి. చెయ్యి ఎత్తగానే జాకెట్టు అంతా పైకి లేస్తోందంటే, చాలా సందర్భాల్లో చంక కోత మరీ కిందికి దిగిందని అర్థం. దాన్ని పైకి జరిపి, చెయ్యి ప్యాటర్న్‌ను అందుకు తగ్గట్టు తిరిగి గీస్తే కదలిక హాయిగా ఉంటుంది. చంకను ఇంకా వెడల్పు చేస్తే సుఖంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, అది తరచూ సమస్యను పెంచుతుంది. చదువుకునే రోజుల్లో డిజైనర్ జాన్ గలియానో లండన్ నేషనల్ థియేటర్‌లో నటులకు దుస్తులు తొడిగే పని చేశాడు. ఫ్రెంచి విప్లవం తరవాతి యువకుల వేషాల నుంచి పుట్టి, 1984లో పూర్తిగా అమ్ముడుపోయిన అతని పట్టా కలెక్షన్ (చదువు ముగింపుకు చేసిన కలెక్షన్) వెనుక, ఒంటి మీద బట్ట ఎలా బతుకుతుందో రోజూ చూసిన ఆ అనుభవం కూడా ఉందని నా నమ్మకం.

ఆరు లుక్‌లు అడిగిన చోట తొమ్మిదింటికి టాయిల్స్ కుట్టండి. వాటిని వరసగా వేలాడదీసి, ఏది తీసివేస్తే మిగతావి బలహీనపడవో చూసి, అటువంటివాటిని తీసేయండి. మీకు అతి ఇష్టమైనది తీయవలసి రావచ్చు. మొదటి లుక్ మీ ప్రశ్నను తేటగా చెప్పాలి, చివరిది దాన్ని ఎంత దూరం తీసుకుపోగలిగారో చూపాలి. మధ్యలో కనీసం ఒక్కటైనా రేపు ఎవరైనా వేసుకుని బయటికి వెళ్లగలిగేదిగా ఉంటే మంచిది.

లోపలి వైపు

న్యాయనిర్ణేతలు బట్టను చేతిలోకి తీసుకోగానే చేసే పని దాన్ని తిరగేసి చూడడం. డిజైనర్ అలెగ్జాండర్ మెక్‌క్వీన్ 1992 నాటి పట్టా కలెక్షన్‌లో ముళ్ల డిజైన్ ముద్రించిన గులాబీ రంగు శాటిన్ కోటు ఒకటుంది. దాని లైనింగ్‌లో మనిషి వెంట్రుకలు అమర్చి ఉంటాయి. ఆలోచన కోటు లోపలికి కూడా వెళ్లిందన్నమాట. అతడు అంతకుముందే లండన్ సావిల్ రోలోని కోట్ల దర్జీల దగ్గర పని నేర్చుకుని వచ్చినవాడు కాబట్టి ఆ వింత ఆలోచనకు గట్టి కుట్టు తోడైంది. ఫ్యాషన్ పత్రికల సంపాదకురాలు ఇసబెల్లా బ్లో ఆ కలెక్షన్ అంతటినీ కొనుక్కుంది. మీ బట్టలో లైనింగ్ లేకపోతే కుట్టు అంచులను పట్టీతో మూసేయండి, దారపు కొసలు దాచండి, జేబు సంచి కూడా ఆలోచించి ఎంచిన బట్టతో ఉండాలి. ఓవర్‌లాక్ (అంచు దారాలు ఊడకుండా యంత్రంతో వేసే చుట్టుకుట్టు) తప్పు కాదు. అయితే అది మీరు ఎంచుకున్నదిగా కనిపించాలి, సమయం చాలక మిగిలిపోయినదిగా కనిపించకూడదు.

మీరు వాడిన నేత గానీ అద్దకం గానీ ఎంబ్రాయిడరీ గానీ ఇతరుల చేతిపని అయితే, వారికి తగిన కూలి చెల్లించి, వారి అనుమతితో పోర్ట్‌ఫోలియోలో పేరు వేయండి. ఒక సమాజపు పవిత్ర చిహ్నాన్ని అలంకారంగా వాడబోయే ముందు ఆ సమాజం వారిని అడగడం కనీస మర్యాద. వ్యర్థాన్ని తగ్గించామని చెప్పదలిస్తే కత్తిరింపులో మిగిలిన ముక్కలను తూచి ఆ అంకె ఇవ్వండి; ‘పర్యావరణహితం’ అన్న మాట ఒక్కదానితో ఏ న్యాయనిర్ణేతా సంతృప్తి పడరు.

పోర్ట్‌ఫోలియో, మౌఖిక వివరణ

పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ తెరవగానే ప్రశ్న కనిపించాలి, ఆ వెంటనే బట్ట నమూనాలు, టాయిల్ ఫొటోలు, వాటి మీద మీ చేతిరాత దిద్దుబాట్లు రావాలి. ప్రతి లుక్‌కూ ముందు వైపు, వెనక వైపు సాదా రేఖాచిత్రం తప్పనిసరి. వాటిలో కుట్లు, జేబులు, గుండీలు ఉన్న చోటే ఉండాలి. ఫొటోలు చీకటిగా, పొగమంచులో తీయించుకోవాలన్న కోరికను కొంతకాలం పక్కన పెట్టి, కనీసం ఒక వరస వెలుతురులో, తెల్లని గోడ ముందు తీయించండి.

మాట్లాడేందుకు మూడు నిమిషాలే ఇస్తారనుకుని సిద్ధపడండి. బాల్యం నుంచి మొదలుపెట్టకండి. ఒక దుస్తును చేతిలోకి తీసుకుని, ఏ సమస్య ఎదురైంది, ఎన్నిసార్లు తప్పింది, చివరికి కోతను ఎలా మార్చారు అన్నది చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే ఇంకా ప్రయత్నించలేదని చెప్పడమే మేలు.

ప్యాటర్న్‌లను భద్రపరచండి

2002లో పార్సన్స్ విద్యార్థులు జాక్ మెకల్లో, లజారో హెర్నాండెజ్ కలిసి చేసిన పట్టా కలెక్షన్‌ను బార్నీస్ దుకాణం కొనుక్కున్నప్పుడు, ప్రొయెంజా షూలర్ అనే సంస్థ దాని నుంచే పుట్టింది. అటువంటి పిలుపు వస్తే అవే దుస్తులను వేరే కొలతల్లో మళ్లీ కుట్టవలసి ఉంటుంది. అందువల్ల చివరి దిద్దుబాటు పూర్తయిన రోజునే ప్రతి ప్యాటర్న్ ముక్క మీద దుస్తు పేరు, ముక్క పేరు, ఎన్ని కత్తిరించాలి, పడుగు దిశ, కుట్టు మార్జిన్, తేదీ రాయండి. టాయిల్ మీద పెన్సిలుతో చేసిన మార్పులు కాగితం మీదకు ఎక్కాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూసుకుని, ఏ బట్ట ఎన్ని మీటర్లు పట్టింది, దారం ఏ నంబరు, గుండీలు ఎన్ని అన్న చీటీని ఆ ప్యాటర్న్‌కే గుచ్చి, చుట్టచుట్టకుండా కొక్కానికి వేలాడదీయండి.