పాత పికప్‌కి తక్కువ ఖర్చులో ఎయిర్ బెలూన్లు: వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పాత బొలెరో పికప్, టాటా 207, జీనాన్ లాంటి బండ్లకి వెనక కమాన్లు (పట్టాలు పేర్చి కట్టిన స్ప్రింగులు) మెత్తబడి, లోడ్ పెట్టగానే వెనక భాగం కిందికి కూర్చుంటుంటే ఎయిర్ బెలూన్లు పెట్టించుకుందామని చాలామంది అడుగుతుంటరు. నేను చెప్పేది కమాన్లు మొత్తం పీకేసి నాలుగు చక్రాలకీ గాలి సస్పెన్షన్ పెట్టే ఖరీదైన పని గురించి కాదు. కమాన్లు అట్లనే ఉంచి, ఛాసిస్‌కీ (బండి కింది ఇనుప ఫ్రేమ్) వెనక యాక్సిల్‌కీ (ఇరుసు) మధ్యలో చెరో పక్క ఒక చిన్న బెలూన్ కూర్చోబెట్టి, టైరుకి కొట్టినట్టే వాల్వ్ నుంచి గాలి కొట్టుకునే హెల్పర్ సెటప్ గురించి. బండిని సమంగా నిలబెట్టడానికి ఇది బాగానే పనిచేస్తది, కానీ మోసే బలం మాత్రం పెంచదు. యాక్సిల్ అదే, టైర్లు అవే, బ్రేకులు అవే, ఆర్సీలో రాసున్న బరువు కూడా అదే. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుని చదవండి, కింద చెప్పే సమస్యల్లో సగం దీన్ని మర్చిపోవడం వల్ల వచ్చేవే.

రెండు పక్కలా గాలి సమానంగా ఉన్నా బండి ఒక పక్కకి వంగే ఉంటది

బెలూన్‌ని అనుమానించకముందు కమాన్లు చూడండి. పాత బండిలో ఒక పట్టా విరిగి ఉండొచ్చు, కమాన్ మధ్యలో ఉండే సెంటర్ బోల్ట్ తెగి యాక్సిల్ కొంచెం వెనక్కి జరిగి ఉండొచ్చు, కమాన్ కొస దగ్గరుండే షాకిల్ బుష్‌లు అరిగిపోయి ఉండొచ్చు. బెలూన్ చేసే పెద్ద నష్టం ఏంటంటే విరిగిన పట్టాని కనపడకుండా దాచేస్తది, బండి పైకి లేచింది కదా అని మనం అట్లనే తిప్పుతుంటం, కానీ యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునేది కమానే, బెలూన్‌కి ఆ పని చేతకాదు. అందుకే పాత బండికి ముందు కమాన్ కట్ట విప్పి శుభ్రం చేయించి, విరిగిన పట్టా మార్చి, కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవి వేసి, ఆ తర్వాతనే బెలూన్లు పెట్టండి. విరిగిన పట్టాకి వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతది అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, స్ప్రింగ్ స్టీల్‌కి వేడి తగిలితే దాని పదును పోయి మళ్లీ అక్కడే విరుగుతది.

కమాన్లు బాగున్నాయి అనుకుంటే అప్పుడు లోడ్ ఎక్కడ పడుతుందో చూడండి, డీజిల్ ట్యాంకు, డ్రైవర్ ఉన్న పక్క కొంచెం బరువు ఎక్కువే, ఆ పక్కకి కొద్దిగా గాలి ఎక్కువ పెట్టుకుంటే సరిపోతది.

పొద్దున లేచేసరికి గాలి దిగిపోతది

అందరూ చెప్పే కంప్లైంట్ ఇదే, నూటికి తొంభై మంది బెలూనే చిల్లు పడిందనుకుంటరు, కానీ తప్పు ఎక్కువగా ఫిట్టింగ్‌ల దగ్గర ఉంటది. బెలూన్లు బయటి దేశం కిట్‌వి, పైపూ ఫిట్టింగులూ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నవి అయితే మొదట సైజులు చూడండి. మన దగ్గర దొరికే గాలి పైపు ఎక్కువగా 6 మిల్లీమీటర్లు, కిట్‌లో వచ్చే పావు అంగుళం పైపు 6.35 మిల్లీమీటర్లు. 6 ఎంఎం పైపు పావు అంగుళం పుష్ ఫిట్టింగ్‌లోకి (లోపలికి నొక్కితే పైపుని పట్టుకునేది) దూరిపోతది, పట్టుకున్నట్టే ఉంటది, 20 పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) దగ్గర ఏమీ తెలవదు, 60కి పోయేసరికి సన్నగా కారడం మొదలవుతది, ఒక్కోసారి గుంత దెబ్బకి ఊడి బయటికే వస్తది.

ఫిట్టింగ్ మరల (థ్రెడ్ల) సంగతి కూడా ఇంతే, రెండు రకాల కొలతలున్నయి. మన షాపుల్లో బీఎస్‌పీ, అమెరికా కిట్‌లో ఎన్‌పీటీ. పావు అంగుళం సైజులో బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18, అందుకని రెండు మూడు చుట్లకే పట్టేసి ఆగిపోతది, బలవంతంగా తిప్పితే మరలు పాడయితయి. అర అంగుళంలో మాత్రం రెండిటికీ 14 మరలే కాబట్టి హాయిగా బిగుసుకుంటది, మనిషి మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు ఇంకోదానికి 60, ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా గాలి దారి వెతుక్కుంటనే ఉంటది. షాపుకి పోయేటప్పుడు బెలూన్ చేతిలో పట్టుకుని పోండి, పైపు ముక్క కూడా పట్టుకుపోండి, నోటితో సైజు చెప్పి తెచ్చుకోవద్దు.

లీకు పట్టుకునే పద్ధతి పాతదే. 60 దాకా గాలి కొట్టి, సబ్బు నీళ్లు నురగ వచ్చేలా కలిపి ముందు వాల్వ్ పిన్ను, తర్వాత ఒక్కో జాయింటు, చివర్లో బెలూన్ పైన కింద ప్లేట్ల అంచులు తడపండి, బుడగ వచ్చిన చోటే లీకు. పుష్ ఫిట్టింగ్ దగ్గర వస్తే పైపు తీసి కొస చూడండి, కటింగ్ ప్లయర్‌తో కోస్తే కొస నలిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తది, కొత్త బ్లేడుతో అడ్డంగా నేరుగా కోసి లోపల ఆగేదాకా నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడండి.

లీకు కానిది కూడా లీకులా కనిపిస్తది. మీటర్ పెట్టి చూసిన ప్రతిసారీ కొంచెం గాలి బయటికి పోతది, టైరులో అంత గాలి ఉంటది కాబట్టి తెలవదు, బెలూన్ చిన్నది కాబట్టి మీటర్ పెట్టి తీసిన ఒక్కసారికే కొన్ని పీఎస్‌ఐలు తగ్గుతయి. ఇంకోటి ఎండ. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 60 పెట్టి, తెల్లవారుజామున 27 డిగ్రీల్లో చూస్తే ఏ లీకూ లేకుండానే 3 పీఎస్‌ఐ దాకా తగ్గి కనిపిస్తది. దీనికి పైపులన్నీ విప్పి కూర్చోవద్దు.

బ్రేకు కొడితే ముందులాగ ఆగట్లేదు

ఇది అన్నిటికన్నా సీరియస్, దీని గురించి ఫిట్టింగ్ చేసేవాళ్లలో చెప్పేవాళ్లు తక్కువ. చాలా పికప్‌లలో వెనక ఛాసిస్‌కి ఒక లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటది, దాని నుంచి ఒక రాడ్ యాక్సిల్‌కి తగిలించి ఉంటది. లోడ్ పడి వెనక కిందికి దిగితే ఆ రాడ్ కదిలి వాల్వ్ వెనక బ్రేకులకి ప్రెషర్ ఎక్కువ వదులుతది, బండి ఖాళీగా పైకి ఉంటే తక్కువ వదులుతది. ఇప్పుడు మీరు టన్ను లోడ్ వేసి బెలూన్లకి గాలి కొట్టి ఖాళీ బండి ఎత్తుకి లేపేశారనుకోండి, వాల్వ్‌కి బండి ఖాళీగా ఉందనే అర్థమవుతది, వెనక బ్రేకులు సగం పనే చేస్తయి, భారమంతా ముందు బ్రేకుల మీద పడి ప్యాడ్లు తొందరగా అరుగుతయి, ఆగే దూరం పెరుగుతది. ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) దిగే ర్యాంపు మీద ముందు లారీ ఆగినప్పుడు ఆ తేడా ఎంత పెద్దదో ఆలోచించండి.

పరిష్కారం: బెలూన్లు పెట్టకముందే టేపుతో వెనక వీల్ ఆర్చ్ నుంచి నేల దాకా ఎత్తు రెండుసార్లు కొలిచి రాసుకోండి, ఖాళీగా ఒకసారి, మామూలు లోడ్‌తో ఒకసారి. గాలి పెట్టేటప్పుడు ఈ రెండు కొలతల మధ్యలో ఉండేలా పెట్టండి, ఖాళీ ఎత్తు దాకా లేపొద్దు, కొంచెం కూర్చోవడమే మంచిది. తర్వాత బ్రేకుల పని తెలిసిన మెకానిక్‌తో రాడ్ సెట్టింగ్‌ని బండి మాన్యువల్ ప్రకారం చూపించి, లోడ్‌తో ఖాళీ స్థలంలో బ్రేకు పరీక్ష చేయండి. కొంతమంది ఆ రాడ్‌ని తీగతో పైకి కట్టేసి వాల్వ్ ఎప్పుడూ ఫుల్ ఉండేలా చేస్తరు, దయచేసి ఆ పని చేయించుకోవద్దు, వానలో ఖాళీ బండికి వెనక చక్రాలు లాకై బండి అడ్డం తిరుగుతది.

మలుపుల్లో, ఫ్లైఓవర్ల మీద బండి ఊగుతది

రెండు బెలూన్లకీ టీ జాయింట్ పెట్టి ఒకటే వాల్వ్ పెట్టి ఉంటరు, ఒక వాల్వ్ ఖర్చు మిగులుతదని. మలుపులో బరువు ఒక పక్క పడగానే ఆ పక్క గాలి ఇంకో పక్కకి పోయి బండిని ఇంకా వంచుతది. టీ తీసేసి దేని పైపు దానికి, దేని వాల్వ్ దానికి పెట్టండి, అంతే.

ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడుతుంది

బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు దించేశాక గాలి తగ్గించకుండా అట్లనే ఇంటికి వస్తే ఇట్లనే ఉంటది. ఖాళీగా ఉన్నప్పుడు 5 నుంచి 10 పీఎస్‌ఐ చాలు. కానీ సున్నా చేయొద్దు, గాలి లేని బెలూన్ మడతలో ఇరుక్కుని రబ్బరు నలిగి చిరుగుతది. పైన ఎంత దాకా కొట్టొచ్చో బెలూన్ మీద గానీ దాని కాగితంలో గానీ రాసుంటది, అంతకి మించొద్దు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టిస్తే క్షణంలో దాటిపోతది, సైకిల్ పంపే నయం.

బెలూన్ పక్కన రాపిడి గుర్తు, లేదా కొన్నాళ్లకే పగిలింది

గాలి లేనప్పుడు చూసి ఫిట్ చేస్తరు, నిండుగా ఉన్నప్పుడు అది లావవుతదని మర్చిపోతరు. మొత్తం గాలి కొట్టి చుట్టూ ఒక అంగుళం ఖాళీ ఉందా చూడండి: టైరు, యూ బోల్ట్ కొసలు, బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కేబుల్. సైలెన్సర్ పైపు దగ్గరగా ఉంటే మధ్యలో రేకు అడ్డం పెట్టాల్సిందే. గాలి పైపు కూడా సైలెన్సర్‌కి దూరంగా పోవాలి, వేడికి పీయూ (పాలీయురేతేన్) పైపు మెత్తబడి ఉడుకుతది, నైలాన్ పైపు కొంచెం ఖరీదైనా అదే కొనండి.

ఆటోనగర్‌లో బ్రాకెట్ చేయిస్తున్నప్పుడు పక్కనే నిలబడి చూస్కోండి. ఛాసిస్ పైన కింద అంచుల మీద రంధ్రం వేయొద్దు, వేయాల్సి వస్తే నిలువు గోడ మధ్యలో వేయాలి. కింద బ్రాకెట్‌ని యాక్సిల్ హౌసింగ్‌కి వెల్డ్ చేయకుండా యూ బోల్ట్‌తో బిగించే డిజైన్ అడగండి. ఎక్కడైనా వెల్డింగ్ తప్పకపోతే బ్యాటరీ వైరు తీసి, బెలూన్ బయటికి తీశాకనే చేయాలి, ఒక్క నిప్పురవ్వ చాలు రబ్బరుకి. బోల్టులన్నీ ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించండి.

కంప్రెసర్ ఆగకుండా మోగుతుంది, లేదా ఫ్యూజు పోతుంది

క్యాబిన్‌లో స్విచ్ పెట్టుకున్నవాళ్లకి. ఆగకుండా మోగుతుందంటే ఎక్కడో లీకు ఉంది, పైన చెప్పిన సబ్బు నీళ్లే. ఫ్యూజు పోతుందంటే పెద్దది వేయకండి, వైరు కాలుతది. స్విచ్ ద్వారా నేరుగా కరెంట్ ఇచ్చి ఉంటరు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టించండి, దాని పిన్నుల మీద నంబర్లుంటయి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లైను, 87 నుంచి కంప్రెసర్, 85, 86లో ఒకటి స్విచ్‌కి ఇంకోటి ఎర్త్‌కి. ట్యాంకు ఉంటే వానాకాలంలో వారానికోసారి కింద డ్రెయిన్ తిప్పి నీళ్లు వదలండి.

ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర ఆపేశారు

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీ వివరాలు మారేలా బండిని మార్చొద్దు. ట్రాన్స్‌పోర్ట్ బండి 8 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ ప్రతి ఏడాదీ చేయించాలి కాబట్టి, పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి చేయించుకోవడం మంచిది. బోల్ట్‌తో బిగించిన బ్రాకెట్ అయితే అవసరమైతే విప్పేయొచ్చు, వెల్డ్ చేసింది అట్ల విప్పలేం. ఓవర్‌లోడ్‌కి సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. బండి సమంగా నిలబడి ఉన్నా వే బ్రిడ్జి (బండిని తూచే కాటా) మీద బరువు తప్పకుండా కనపడుతది.