ఉప్పుగాలిలో బరువు పనికి మడత చాకు: ఒకే మోడల్‌లోని రకాలను కొనేముందు పోల్చుకోవడం

అంతర్వేది, ఓడలరేవు వైపు రొయ్యల చెరువు గట్ల మీద మడత చాకుకు రోజంతా పనే. పొద్దున మేత బస్తా కుట్టు విప్పుతుంది. చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటరుకు కట్టిన నైలాన్ తాడు కోస్తుంది. పాత హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు ముక్క కూడా దానితోనే కొయ్యాలి. మిగతా సమయమంతా చెమట పట్టిన జేబులోనో, ఉప్పునీళ్ళ చెయ్యి తగులుతూ మొలకో ఉంటుంది. హైదరాబాద్‌లో పదేళ్ళు చెక్కుచెదరని చాకు ఇక్కడ ఒక్క పంట కాలంలోనే ఇరుసు దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోవచ్చు. అందుకే ఈ ప్రాంతంలో చాకు కొనేవాళ్ళు మోడల్ పేరు చూసి ఆగిపోకూడదు. ఆ పేరు కింద అమ్ముతున్న రకాల్లో ఏది మీ చేతికి వస్తోందో తేల్చుకోవాలి.

ఒకే పేరుతో ఎంత తేడా ఉంటుందో చూడండి. అమెరికాలో బక్ కంపెనీ 1964 నుంచి చేస్తున్న 110 మోడల్‌కి అలుగు (కోసే భాగం) 3¾ అంగుళాలు, పిడికి చెక్క, రెండు చివరలా ఇత్తడి, బరువు సుమారు 200 గ్రాములు. అదే 110 పేరుతో నైలాన్ పిడి రకం వస్తుంది, దాని బరువు సగం కూడా ఉండదు. స్లిమ్ ప్రో అనే మరో రకంలో 420హెచ్‌సీ ఉక్కు బదులు ఎస్30వీ అనే మరో ఉక్కు వాడారు. కోల్డ్ స్టీల్ కంపెనీ వాళ్ళ రీకాన్ 1 సంగతీ ఇంతే. 4 అంగుళాల అలుగు అలాగే ఉంచి ఉక్కును మొదట ఏయూఎస్-8ఏ, తర్వాత సీటీఎస్-ఎక్స్‌హెచ్‌పీ, ఆ తర్వాత ఎస్35వీఎన్‌కి మార్చారు. ఆన్‌లైన్‌లో పాత సరుకు, కొత్త సరుకు పక్కపక్కనే ఉంటాయి, ఒక్కోసారి ఫోటో కొత్తదానిది, పెట్టెలో వచ్చేది పాతది. కాబట్టి పేరు కాక పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరాలతో సహా, కాగితం మీద రాసుకుని అమ్మేవాళ్ళని ఆ నంబరుతోనే అడగండి. నంబరు చెప్పలేనివాళ్ళ దగ్గర కొనొద్దు.

ఉక్కు: క్రోమియం శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు

దుకాణాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "అయస్కాంతం అంటుకోకపోతేనే అసలు స్టెయిన్‌లెస్." గిన్నెల విషయంలో అది కొంతవరకు నిజం కావచ్చు. చాకుల దగ్గర పనికిరాదు. పదును నిలిచేలా గట్టిపరిచిన స్టెయిన్‌లెస్ అలుగులు దాదాపు అన్నీ అయస్కాంతానికి అంటుకుంటాయి. ఆ పరీక్షతో ఏమీ తేలదు.

డీ2 ఉక్కులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. వినడానికి స్టెయిన్‌లెస్‌కి దగ్గరగానే ఉంది. కానీ అందులో కర్బనం ఒకటిన్నర శాతం. క్రోమియంలో చాలా భాగం ఆ కర్బనంతో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది కొంచెమే. మాగ్నాకట్ అనే ఉక్కు 2021లో వచ్చింది. దాంట్లో క్రోమియం 10.7 శాతమే, అయినా ఆ క్రోమియం విడిగా ఉండేలా కూర్పు చేశారు కాబట్టి తుప్పుకు డీ2 కంటే ఎన్నో రెట్లు నిలుస్తుంది. తక్కువ ధరలో వచ్చే బరువు చాకుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది డీ2నే. పదును బాగా నిలుపుతుంది, అందులో అనుమానం లేదు. రావులపాలెంలో అరటి గెలల దగ్గరో, కొబ్బరి తోటలోనో వాడి, సాయంత్రం తుడుచుకునేవాళ్ళకి సరిపోతుంది. ఉప్పునీటి చెరువు దగ్గర మాత్రం అలుగు మీద సూదిమొనంత నల్లచుక్కలు పడతాయి, వాటి కింద గుంటలు తేలతాయి. నూరితే పైన మచ్చ పోతుంది, గుంట అలాగే ఉంటుంది.

చెరువు పనికి మా లెక్కలో వరుస ఇది. స్పైడర్కో కంపెనీ సాల్ట్ వరుసలో కొన్నిటిలా ఎల్‌సీ200ఎన్ ఉక్కు ఉన్న రకం దొరికితే అది ముందు. దాంట్లో కర్బనం బదులు చాలావరకు నైట్రోజన్‌తో గట్టిదనం తెచ్చారు, ఉప్పునీళ్ళకి దాదాపు తుప్పే పట్టదు. అది ఖరీదనిపిస్తే 420హెచ్‌సీ తీసుకోండి: క్రోమియం 13 శాతం, కర్బనం అర శాతం లోపు. పదును త్వరగా తగ్గుతుంది కానీ ఇంట్లో ఉన్న సానరాయి మీదే ఐదు నిమిషాల్లో తిరిగి వస్తుంది. వట్టి "స్టెయిన్‌లెస్ స్టీల్" అనో, చివర ఏ, బీ, సీ ఏదీ లేకుండా "440" అనో రాసి ఉంటే నాసి రకమని లెక్కేసుకుని ధర కట్టండి.

ఫ్రాన్సు చాకు ఒపినెల్ 8వ నంబరు రెండు రకాలుగా వస్తుంది: మామూలు కర్బన ఉక్కు, స్టెయిన్‌లెస్. అలుగు రెండిటికీ 8.5 సెంటీమీటర్లే, బీచ్ చెక్క పిడే. కర్బన ఉక్కుది అరటి బోదె కోస్తే కాసేపటికే నల్లబడుతుంది. రెండిటిలోనూ చెక్క తడికి ఉబ్బి అలుగును పట్టేస్తుంది, గోరుతో తెరవాలంటే గోరు విరగాల్సిందే. మంచి చాకే, ఇంట్లో పండ్లు కోసుకోవడానికి. గట్టు మీదకి మాత్రం కాదు.

నల్లపూత ఉన్న రకానికి ఎక్కువ ధర అడుగుతారు. పూత అలుగు పక్కల్ని కాపాడుతుంది. నూరిన చోట, అంటే సరిగ్గా పదును దగ్గర, పూత ఉండదు. నల్లపూత మరలు అయితే చాలాసార్లు మామూలు ఉక్కువే, అన్నిటికంటే ముందు తుప్పు పట్టేవి అవే.

లాక్: ఒండ్రు ఎక్కడ చేరుతుంది?

బరువు పనిలో వేళ్ళని కాపాడేది, తెరిచిన అలుగు మడత పడకుండా ఆపే లాకే. చూడాల్సింది బలం ఒక్కటే కాదు, బురద పడ్డాక కూడా పూర్తిగా కూర్చుంటుందా అనేది.

వెనక లాక్ ఉన్న చాకులో పిడి వీపున పొడవాటి కడ్డీ ఉంటుంది. దాని ముందు ముక్కు అలుగు మొదట్లో ఉన్న గాడిలో పడుతుంది. ఆ గాడిలో ఒండ్రు చేరి ఎండితే ముక్కు సగమే దిగుతుంది. పైకి లాక్ పడినట్టే కనిపిస్తుంది, టక్కుమనే శబ్దం కూడా వస్తుంది. తాడు మీద గట్టిగా నొక్కి వెనక్కి లాగినప్పుడు మడత పడుతుంది. దీన్ని కనిపెట్టడం సులువు: తెరిచాక కడ్డీ పిడి వీపుతో సమంగా ఉండాలి, వేలు రాస్తే మెట్టు తగలకూడదు. మెట్టు తగిలిందంటే గాడిలో మట్టి ఉంది. రీకాన్ 1లో ఉన్న ట్రై-యాడ్ లాక్ కూడా వెనక లాకే, కాకపోతే అలుగుకి, కడ్డీకి మధ్య ఒక అడ్డు మేకు పెట్టారు. బరువును ఆ మేకు మోస్తుంది, అందుకే ఎక్కువ కాలం వదులవదు.

లైనర్ లాక్‌లో పిడి లోపలి రేకు పక్కకి వంగి అలుగు మడమకి (ఇరుసు వైపు చివరకి) అడ్డుపడుతుంది. కొనేటప్పుడు వెలుతురులో పెట్టి చూడండి. కొత్త చాకులో ఆ రేకు మడమ వెడల్పులో పావు వంతు నుంచి సగం దాకా పట్టుకుని ఉండాలి. అంచుకే ఆనితే జారిపోతుంది. కొత్తదిలోనే అవతలి చివరకి చేరిందంటే అరిగేందుకు ఇక చోటు లేదని. రేకు మందం 1.2 మిల్లీమీటర్లకి తగ్గితే బరువు పనికి తీసుకోవద్దు.

ఏ లాక్ అయినా పిడి వెనక భాగం తెరిచి ఉన్న రకాన్నే ఎంచుకోండి. రెండు రేకుల మధ్య చిన్న స్తంభాలే ఉంటే కాలవ నీళ్ళలో ముంచి ఆడిస్తే మట్టి కొట్టుకుపోతుంది. వెనక అంతా మూసిన పట్టీ ఉంటే మట్టి లోపలే ఎండుతుంది. ఒకే మోడల్‌లో ఈ రెండు రకాలూ ఉంటే ఇక్కడివాళ్ళకి తేడా మొత్తం ఇదే అనుకోండి. పిడి లోపలి రేకులు స్టెయిన్‌లెస్‌వేనా అని కూడా అడగండి. అలుగు మంచిదై రేకులు మామూలువైతే, కడిగినప్పుడల్లా ఇరుసు సందులోంచి గోధుమరంగు నీళ్ళు కారతాయి.

బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి వద్దు. స్ప్రింగు సందులో ఇసుక చేరితే సగం తెరుచుకుని ఆగిపోతాయి, పోలీసుల ప్రశ్నలు అదనం. కొలతల మాటకొస్తే, 2016 ఆయుధ నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగుల్ని ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని మినహాయించాయి. నాలుగు అంగుళాల పని చాకు ఆ కొలతలకి చాలా కింద ఉంటుంది. మధురపూడిలో విమానం ఎక్కేటప్పుడు మాత్రం చేతి సంచిలో ఉంచుకోవద్దు, లోపలికి పంపే సామానులో పెట్టండి.

మందం ఎక్కువైతే బలం, కోత మాత్రం తగ్గుతుంది

"హెవీ డ్యూటీ" అని రాసి ఉన్న రకం సాధారణంగా అలుగు మందంగా ఉన్న రకమే. రెండు చోట్ల కొలవాలి. వీపు మందం ఇరుసుకి ఒక సెంటీమీటరు ముందు. ఆ తర్వాత నూరిన గీతకి సరిగ్గా పైన. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే వెర్నియర్ కాలిపర్ చాలు. వీపు 3 మిల్లీమీటర్లు, పదును పైన 0.5 ఉన్న చాకు తాడునీ పైపునీ హాయిగా కోస్తుంది. వీపు 4, పదును పైన 0.9 ఉన్నది విరగదు, కానీ హెచ్‌డీపీఈ పైపులో సగం దిగి చీలలా బిగుసుకుంటుంది. అప్పుడు మనిషి చేసేది ఒకటే, అలుగును అటూ ఇటూ తిప్పడం. ఇరుసు వదులయ్యేది అక్కడే. మెలితిప్పే పని, కొబ్బరికాయ కొట్టే పని, గూటం కింద పెట్టి బాదే పని ఏ మడత చాకుకీ పెట్టకూడదు. దానికి కత్తి ఉంది, గునపం ఉంది.

పళ్ళు ఉన్న రకమా, సాదా రకమా? నైలాన్, ప్లాస్టిక్ తాళ్ళు రోజూ కోసేవాళ్ళకి పళ్ళే మేలు. పదును సగం తగ్గినా నారని పట్టుకుని తెంపుతాయి. చిక్కల్లా నూరడం దగ్గర: మామూలు సానరాయి పనికిరాదు, ఒక్కో పంటి గాడిలోకి దూరే సన్నని గుండ్రటి పుల్ల కావాలి. సగం పళ్ళు, సగం సాదా ఉన్న రకంలో మొదలు దగ్గర పళ్ళు తాడుకి, మొన వైపు సాదా బస్తాకి, అరటాకుకి వాడుకోవచ్చు. ఇక్కడి పనికి మా ఓటు దానికే. కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్ళకి మాత్రం ఈ వ్యాసంలోని చాకులేవీ వద్దు. ఒకవైపే నూరిన పల్చని అంటు చాకు వేరే ఉంది. మందపు అలుగు కొమ్మను నలిపేస్తుంది, అంటు పట్టదు.

చేతికొచ్చాక, మార్చుకునే గడువులోపే

అలుగు మొన పట్టుకుని పక్కలకి కదపండి. కొంచెం ఆడితే ఇరుసు మర బిగిస్తే పోతుంది. దానికి నక్షత్రం ఆకారపు మొన ఉన్న టోర్క్స్ స్క్రూడ్రైవరు కావాలి: ఎక్కువగా టీ8 లేదా టీ10 సైజు, పిడి మరలకి టీ6. పైకీ కిందకీ ఆడితే అది లాక్ లోపం, ఏ మర బిగించినా పోదు, వెంటనే తిప్పి పంపండి. ఆ తర్వాత వేళ్ళు అలుగు దారిలో లేకుండా పిడిని అరచేత్తో పట్టుకుని, అలుగు వీపును చెక్కబల్ల అంచుకి ఆనించి నెమ్మదిగా బరువు పెంచండి. సుత్తితో కొట్టినట్టు కొట్టొద్దు, మంచి లాక్ కూడా దాంతో పాడవుతుంది. మూసినప్పుడు అలుగు రెండు రేకులకీ మధ్యలో ఉండాలి. ఒకవైపు రాసుకుంటే అక్కడ పూత లేస్తుంది.

పది మిల్లీమీటర్ల నైలాన్ తాడును చెక్క మీద పెట్టి ఇరవై కోతలు కోసి, ఆపైన వార్తాపత్రిక కాగితం కోసి చూడండి. కాగితం చిరిగిపోతుంటే అలుగును వెలుతురుకి అడ్డంగా తిప్పండి. పదును మీద మెరిసే చుక్క కనబడితే అక్కడ అంచు ఒరిగింది. ఒకసారి నూరితే సరిపోతుంది. నూరాక కూడా ఇరవై కోతలకే మళ్ళీ ఒరిగితే ఉక్కును సరిగ్గా గట్టిపరచలేదని అర్థం.

చివరిగా తుప్పు పరీక్ష. చెరువు నీళ్ళలో ముంచి, తుడవకుండా ఒక రాత్రి నీడలో ఉంచండి. పొద్దున మరలు, క్లిప్పు, ఇరుసు చుట్టూ చూడండి. అలుగు మీద లేత మరక తుడిస్తే పోతుంది. మరల తలల మీద ఎర్రపొడి వచ్చిందంటే వాటిని స్టెయిన్‌లెస్ మరలతో మార్చుకోవాలి. తర్వాత మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఇరుసులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. ఇంట్లో చేతికందేది కొబ్బరినూనె, కానీ దాన్ని వేయొద్దు. 24 డిగ్రీల కంటే చలి పడితే గడ్డకడుతుంది. ధనుర్మాసం పొద్దున చాకు తెరుచుకోదు, పైగా కొన్నాళ్ళకి జిగురుగా మారి మట్టిని పట్టుకుంటుంది.